ప్రమాదపు ప్రాంతాల్లో డ్రైవింగ్ పని: డిఫెన్సివ్ కోర్సా, ఎవేసివ్ కోర్సా, ముందు ఏది?

మొన్న మా జగిత్యాల వైపు తమ్ముడు ఒకడు ఫోన్ చేశాడు. ఇరాక్‌లోని ఎర్బిల్‌లో కంపెనీ డ్రైవర్ పని దొరికేలా ఉందట. ఏజెంటు మాత్రం "ఎవేసివ్ డ్రైవింగ్ సర్టిఫికెట్ ఉంటే జీతం పెరుగుతుంది, మనకి తెలిసినవాళ్ల దగ్గరే మూడు రోజుల కోర్సు ఉంది, అరవై వేలు" అన్నాడట. ఫోన్ పెట్టేలోపే వాట్సాప్‌లో వీడియో వచ్చింది. ఖాళీ గ్రౌండులో ఒక సెడాన్ వెనక్కి దూసుకొచ్చి, గిర్రున తిరిగి, దుమ్ము లేపుకుంటూ ముందుకెళ్లిపోతోంది. "అన్నా, ఇది నేర్చుకుంటే ఎట్లుంటది?" అని అడిగాడు. చూడ్డానికి బాగానే ఉంటుందిరా, అక్కడ నువ్వు నడపబోయే బండి ఏంటో అడిగావా అన్నాను. అడగలేదట.

ఆ రాత్రి గంటసేపు వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నేను కువైట్ నుంచి ఇరాక్‌లోని అమెరికా బేసులకి సామాను మోసే ట్రక్కు మీద రెండేళ్లు, తర్వాత ఒమన్ ఆయిల్ ఫీల్డుల్లో ఎనిమిదేళ్లు చేశాను. ఈ కోర్సుల్లో కొన్ని నేను చేసినవి, కొన్ని పక్కన నిలబడి చూసినవి. నాకు వీటి మీద గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, ముందే చెప్తున్నా.

ముందు ఈ రెండు పేర్ల గోల తేల్చుకుందాం, ఎందుకంటే మన దగ్గర రెండింటినీ కలిపేసి అమ్ముతున్నారు. డిఫెన్సివ్ అంటే ఎదుటివాడు తప్పు చేసినా, రోడ్డు పాడైనా, మనం ప్రమాదంలో పడకుండా నడపడం. దూరం పాటించడం, ముందు ఏం జరగబోతోందో చూపుతో పసిగట్టడం, అలసటని ఒప్పుకోవడం, ఇలాంటివి. ఎవేసివ్ అంటే ఎవడో కావాలని మన బండిని ఆపడానికో కొట్టడానికో వచ్చినప్పుడు అందులోంచి బయటపడటం: వెనక్కి తీసి తిప్పడం, అడ్డం పెట్టిన బండిని తప్పించడం, తప్పకపోతే గుద్ది దారి చేసుకోవడం. మొదటిది రోజూ పనికొస్తుంది. రెండోది మీ మొత్తం సర్వీసులో ఒక్కసారి కూడా పనికిరాకపోవచ్చు, వస్తే మాత్రం ఆ కొన్ని సెకన్లే మిమ్మల్ని బతికిస్తాయి. అందుకే రెండోది వృథా అని నేను అనను. ముందు ఏది అన్నదే ప్రశ్న.

మనవాళ్లకి నిజంగా ఏం జరిగిందో చూడండి. 2004 జూలైలో కువైట్ కంపెనీ ట్రక్కులు నడిపే ఏడుగుర్ని ఇరాక్‌లో ఎత్తుకెళ్లారు. అందులో ముగ్గురు ఇండియన్లు, ముగ్గురు కెన్యా వాళ్లు, ఒకరు ఈజిప్టు మనిషి. సెప్టెంబర్ 1 దాకా వదల్లేదు. 2005 నవంబర్‌లో అఫ్గానిస్తాన్‌లో జరంజ్-దెలారాం రోడ్డు పనిలో ఉన్న మన బోర్డర్ రోడ్స్ డ్రైవరు ఒకర్ని, కేరళ మనిషిని, తీసుకెళ్లి చంపేశారు. 2006 ఏప్రిల్‌లో హైదరాబాద్ టెలికాం ఇంజినీరుని అదే దేశంలోని జాబుల్ ప్రాంతంలో పట్టుకున్నారు, రెండు రోజుల్లో శవం దొరికింది. 2015 జూలైలో లిబియాలోని సిర్త్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పే మన తెలుగువాళ్లు ఇద్దరు ఇంటికొచ్చేద్దామని ట్రిపోలీ వైపు బయల్దేరి దారిలో చెక్‌పోస్టు దగ్గర దొరికిపోయారు. బయటికి రావడానికి ఏడాది దాటింది.

వీటిలో జె-టర్న్, అంటే ఆ వీడియోలోలా వెనక్కి పోతూ గిర్రున తిప్పడం, ఎక్కడ ఆదుకునేదో మీరే చెప్పండి. చెక్‌పోస్టులో ముందు ఒక బండి, వెనక ఒక బండి, పక్కన తుపాకీ పట్టుకున్న కుర్రాడు ఉన్నప్పుడు గిర్రున తిప్పడానికి చోటేది? ఏ దారిలో, ఏ టైముకి, ఎవర్ని కనుక్కుని బయల్దేరాం అన్న దగ్గరే సగం కథ అయిపోయి ఉంటుంది.

ఇంకొంచెం దగ్గరకి రండి. మన భద్రాచలం దాటితే బస్తర్. 2023 ఏప్రిల్ 26న దంతేవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర మావోయిస్టులు రోడ్డు కింద పెట్టిన బాంబు పేలి పదిమంది డీఆర్‌జీ (డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్) పోలీసులు, వాళ్ల బండి నడిపిన డ్రైవరు చనిపోయారు. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రు దగ్గర మళ్లీ అదే, ఎనిమిదిమంది జవాన్లు, ఒక డ్రైవరు. రెండుసార్లూ ఆ డ్రైవరు యూనిఫాం లేని మామూలు మనిషి. తారు కింద పాతిపెట్టినదాన్ని స్టీరింగుతో తప్పించే కోర్సు ప్రపంచంలో ఎక్కడా లేదు. అక్కడ పనికొచ్చేది ఆ రోడ్డు మీద ఆ రోజు బండి ఎక్కకూడదని చెప్పే సమాచారం, దాన్ని వినే అధికారి. అది డ్రైవరు చేతిలో ఉండదు, అదే బాధ.

సరే, ఇక కోర్సుల సంగతి. మొదటిది మామూలు డిఫెన్సివ్ డ్రైవింగ్, ఒకటి రెండు రోజులది. అమెరికాలో హెరాల్డ్ స్మిత్ అనే ఆయన 1952లో మొదలుపెట్టిన ఐదు సూత్రాల పద్ధతే ఇవాళ్టికీ చాలా కంపెనీల్లో నడుస్తోంది. దూరం చూడు, చుట్టూ మొత్తం చూడు, కళ్లు ఒకచోటే అతికించకు, తప్పుకోవడానికి ఎప్పుడూ ఒక సందు ఉంచుకో, నువ్వు కనపడేలా చూసుకో. ఇంతే. వింటే "ఇదీ ఒక కోర్సేనా" అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ లెక్క వేయించినప్పుడు నోరు మూతపడింది. గంటకి 80 కిలోమీటర్ల మీద బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. ప్రమాదం చూసి కాలు బ్రేకు మీదకి వెళ్లడానికి సెకనున్నర అనుకుంటే 33 మీటర్లు అప్పటికే అయిపోయాయి, పొడి తారు మీద ఆగడానికి ఇంకో 36 దాకా. మొత్తం దాదాపు 70 మీటర్లు. కంకర రోడ్డు మీద అయితే ఇంకా పోతుంది, పైగా బ్రేకు కొడితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండి కంకర మీద ఒక్కోసారి ఇంకా ఎక్కువ దూరం జారుతుంది. ఇది తెలియని డ్రైవర్లు మనలో నూటికి తొంభైమంది అని నా అనుమానం, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లతో సహా.

అక్కడే నేర్చుకున్న ఒక చిన్న విషయం, ఇవాళ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర కూడా అలవాటుగా చేస్తాను. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ముందు బండి వెనక టైర్లు రోడ్డుని తాకే చోటు మీ సీట్లోంచి కనపడాలి. బానెట్ అంచు మీదుగా టైరూ, దాని కింద కాస్త తారూ. అది కనపడుతోందంటే రివర్స్ వేయకుండా పక్కకి తిప్పి బయటపడటానికి మీకు చోటుందన్నమాట. కనపడలేదంటే ఇరుక్కున్నట్టే. ఎవేసివ్ కోర్సులో మొదటి రోజు చెప్పేది కూడా ఇదే, అరవై వేలు తీసుకుని.

మన దగ్గర దీనికి పెద్ద ఖర్చు లేదు. రాజన్న సిరిసిల్ల జిల్లా మండెపల్లిలో అశోక్ లేలాండ్ నడిపే డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఉంది, ట్రాకు, సిమ్యులేటరు ఉన్నచోటు. మారుతి సుజుకీ రాష్ట్ర ప్రభుత్వాలతో కలిసి నడిపే సంస్థలు వేరే రాష్ట్రాల్లో ఉన్నాయి. హెవీ బండి నడిపేవాళ్లు ముందు ఇలాంటి చోటే మొదలుపెట్టండి. గల్ఫ్‌లో ఆయిల్ కంపెనీలకి వెళ్తే వాళ్లే మళ్లీ చేయిస్తారు. ఒమన్‌లో డిఫెన్సివ్ పర్మిట్ లేకుండా ఫీల్డులోకి బండి పోనివ్వరు, బండిలో పెట్టిన పెట్టె మీరు గట్టిగా బ్రేకు కొట్టినా, బెల్టు తీసినా రిపోర్టు పంపేస్తుంది. మొదట్లో మాకు ఆ పెట్టె అంటే మహా మంట.

రెండోది ఫోర్ బై ఫోర్, ఆఫ్‌రోడ్ కోర్సు. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు, నా లెక్కలో ప్రమాదపు ప్రాంతాలకి వెళ్లేవాళ్లకి ఇది ఎవేసివ్ కంటే ముందు. ఎందుకంటే ఇరుక్కుపోయిన బండే అన్నిటికంటే సులువైన టార్గెట్. ఇసుకలోకి దిగేముందు టైరు గాలి 15-18 పీఎస్ఐకి దించాలి, మళ్లీ తారు ఎక్కేముందు నింపాలి, నింపకుండా 100లో పోతే టైరు వేడెక్కి పగులుతుంది. లో రేంజ్ (స్పీడు తక్కువ, లాగుడు ఎక్కువ ఉండే గేరు) ఎప్పుడు వేయాలి, చక్రం తిరుగుతూ గుంట తవ్వుతుంటే ఎప్పుడు యాక్సిలరేటర్ వదలాలి, లాగే తాడు దేనికి కట్టకూడదు, ఇవన్నీ చేత్తో చేస్తేనే వస్తాయి. ఆఫ్రికా వైపు, సౌత్ సూడాన్ లాంటి చోట్లకి వెళ్లేవాళ్లకి ఇంకోటి: అక్కడ చాలా చోట్ల మన నల్లరేగడే. వానాకాలం ఆదిలాబాద్ పత్తి చేలల్లో ట్రాక్టరు నడిపినవాడికి ఆ బురద గురించి ఎవడూ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఒమన్‌లో ఒక రాత్రి మా ముందు పోతున్న తెల్ల హైలక్స్ ఒంటెని కొట్టింది. ఒంటె కాళ్లు పొడుగు, బంపరు కాళ్లకి తగులుతుంది, నాలుగైదు క్వింటాళ్ల శరీరం అద్దం పగలగొట్టుకుని సీట్లోకి వచ్చేస్తుంది. లైట్లలో దాని కళ్లు ఆవు కళ్లలా మెరవవు కూడా. ఆ బండిలో ఇద్దరికీ ఏ శత్రువూ లేడు. రాత్రి ప్రయాణం వద్దన్న రూలు ఉంది, త్వరగా క్యాంపు చేరిపోదామనుకున్నారు, అంతే.

మూడోది హీట్ అని పిలిచే ప్రమాదకర ప్రాంతాల శిక్షణ. జర్నలిస్టులకి, ఎన్జీవోలకి మూడు నుంచి ఐదు రోజులు ఉంటుంది. ఐక్యరాజ్యసమితి వాళ్లు తమ సిబ్బందికి ఎస్-సేఫ్ అని ఇలాంటిదే పెడతారు. ఇందులో డ్రైవింగ్ భాగం తక్కువ. చెక్‌పోస్టు, రేడియోలో మాట్లాడటం, తుపాకీ మోత వినపడితే ఎటు పడుకోవాలి, రక్తం ఆపే పట్టీ ఎక్కడ కట్టాలి, కట్టిన టైము ఎందుకు రాసిపెట్టాలి, ఎత్తుకెళ్తే ఎలా ఉండాలి, ఇవి ఎక్కువ. బయట దేశాల్లో సొంత డబ్బుతో చేస్తే మన రూపాయల్లో లక్షల మాటే. కానీ సంస్థ కట్టేది అయితే కళ్లు మూసుకుని ఒప్పుకోండి.

చెక్‌పోస్టు ఒక్కటే చాలు ఈ కోర్సు విలువ తెలియడానికి. ఇరాక్‌లో దాన్ని సైతరా అంటారు. దూరం నుంచే స్పీడు తగ్గించాలి, చివర్లో సడన్‌గా కాదు. రాత్రయితే హెడ్‌లైట్లు తగ్గించి లోపలి లైటు వేయాలి, వాడికి మీ ముఖం కనపడాలి. చలువ అద్దాలు తీసేయాలి. రెండు చేతులూ స్టీరింగ్ పైభాగాన. అద్దం కొంచెం దించాలి, తలుపులు లాకులోనే. కాగితాలు అడిగేదాకా కదలకూడదు, అడిగాక కూడా "ఇక్కడున్నాయి, తీస్తున్నా" అని చూపించి మెల్లగా తీయాలి. మాతో ఉన్న ఒక కుర్రాడు, మంచివాడే, మర్యాదకని సిపాయి అడక్కముందే డాష్‌బోర్డు పెట్టెలోకి గబుక్కున చెయ్యి పెట్టాడు. తుపాకీ సేఫ్టీ తీసిన చప్పుడు ఇంజన్ మోతలో కూడా వినపడింది నాకు. వాడు వెతుకుతున్నది ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న బండి కాగితం.

ఇంకోటి కూడా చెప్పాలి. అప్పట్లో అమెరికా కాన్వాయ్ బండ్ల వెనక బోర్డు ఉండేది, అరబ్బీలో, ఇంగ్లీషులో, వంద మీటర్ల దూరం పాటించకపోతే కాల్చేస్తాం అని. మేం వాళ్ల సరుకే మోస్తున్నాం, ఆ బోర్డు మాత్రం అందరికీ ఒక్కటే. మన ఊళ్లో ముందు బండిని ఒరుసుకుంటూ పోయే అలవాటు ఉన్నవాడు అక్కడ రెండో రోజు దాకా ఉండడు. చూశారా, మళ్లీ డిఫెన్సివ్ దగ్గరికే వచ్చాం.

నాలుగోది ఎవేసివ్, సెక్యూరిటీ డ్రైవింగ్. ఇది ఎవరికి? ఎవరో ఒక మనిషిని కాపాడుతూ తిప్పడమే మీ ఉద్యోగం అయితే. ఎంబసీ, పెద్ద కంపెనీ మేనేజరు, సెక్యూరిటీ కంపెనీ కాన్వాయ్. అమెరికా విదేశాంగ శాఖ తన సిబ్బందికి వర్జీనియాలోని బ్లాక్‌స్టోన్ దగ్గర దీనికోసమే పెద్ద కేంద్రం కట్టుకుంది, 2019లో తెరిచింది. అక్కడ కూడా డ్రైవింగ్ ఒక్కటే నేర్పరు, మనల్ని ఎవడైనా గమనిస్తున్నాడా అని కనిపెట్టడం, ప్రథమ చికిత్స అన్నీ కలిపే ఉంటాయి. దాడి చేసేవాడు ముందు కొన్నాళ్లు చూస్తాడు, ఎన్నింటికి బయల్దేరుతున్నాం, ఎటు పోతున్నాం అని. రోజూ ఒకే టైముకి ఒకే దారిలో పోయే డ్రైవరు ఎంత బాగా తిప్పగలిగినా వాడి పని సులువు చేసినవాడే.

మన దగ్గర అమ్మే మూడు రోజుల కోర్సుల మీద నా గొడవ వేరే. అక్కడ సెడాన్‌లో నేర్పుతారు, మీరు పోయి నడిపేది ఆర్మర్డ్ ల్యాండ్ క్రూజర్. మామూలుగా రెండున్నర టన్నుల పైచిలుకు ఉండే ఆ బండికి రైఫిల్ తూటా ఆపే బీ6 స్థాయి కవచం వేస్తే నాలుగు టన్నులు దాటిపోతుంది. ఎత్తున బరువు, మందం అద్దాలు, ఒంటి చేత్తో తోయలేని తలుపులు. బ్రేకు వేస్తే ఆగదు, తిప్పితే ఒరుగుతుంది. సెడాన్‌లో నేర్చుకున్న జె-టర్న్ అదే స్పీడులో దీంట్లో చేస్తే పల్టీ కొడతారు, శత్రువు దాకా ఎందుకు, మీరే పని పూర్తి చేసినట్టు. కొత్త బండ్లలో జారకుండా చూసే కంప్యూటరు ఉంటుంది, అది కూడా మీరు తిప్పుతుంటే మధ్యలో అడ్డం పడుతుంది. గుద్ది దారి చేసుకోవడం అంటారా, ఎయిర్‌బ్యాగు ముఖం మీద పేలి, రేడియేటరు కారిపోయి, కొన్ని బండ్లలో ఇంధనం దానంతట అదే ఆగిపోయి, రెండు కిలోమీటర్లలో బండి చచ్చిపోతే అప్పుడేం చేస్తారు?

పైగా ఇది చేతికి అంటుకుని ఉండే విద్య కాదు. మూడు రోజులు చేసి ఏడాది ముట్టుకోకపోతే మిగిలేది ధైర్యం మాత్రమే, అది ఇంకా ప్రమాదం. అందుకే ఈ కోర్సు తీసుకునేముందు గట్టిగా అడగండి. ఏ బండిలో నేర్పుతారు, అది నేను నడపబోయే దాని బరువేనా? మూడు రోజుల్లో స్టీరింగ్ నా చేతిలో ఎన్ని గంటలు ఉంటుంది, ఒక్కో బండికి ఎంతమంది? రాత్రి ప్రాక్టీసు ఉందా? గ్రౌండులో అంబులెన్సు, ఫస్ట్ ఎయిడ్ మనిషి ఉంటారా? మళ్లీ రిఫ్రెషర్ ఎప్పుడు, దానికెంత? సర్టిఫికెట్‌ని ఏ కంపెనీ ఒప్పుకుంటుందో పేరు చెప్పమనండి, తర్వాత ఆ కంపెనీనే అడగండి. ఒకే బండి చుట్టూ పన్నెండుమంది నిలబడి తలో రెండు రౌండ్లు తిప్పే కోర్సు అయితే ఆ డబ్బుతో నాలుగు మంచి టైర్లు కొనుక్కోండి.

ఉచితంగా దొరికేవి? ఐక్యరాజ్యసమితి బీసేఫ్ కోర్సు ఆన్‌లైన్‌లో ఉంది, డిజాస్టర్ రెడీ అనే సైట్‌లో కూడా ఎన్జీవోల భద్రత పాఠాలు ఉచితం. ఇంగ్లీషు కాస్త చదవగలిగితే రెండు ఆదివారాల్లో అయిపోతాయి. డ్రైవింగ్ రాదు వీటితో, ఎలా ఆలోచించాలో వస్తుంది. యూట్యూబ్ చూసి పొలం గట్టు మీద హ్యాండ్‌బ్రేకు లాగడం మాత్రం వద్దు, మా మేనల్లుడు లాగాడు, కాలవలోకి పోయాడు.

ఇప్పుడు ఎవరికి ఏది అంటే, ఒమన్, సౌదీ ఆయిల్ ఫీల్డుకి పోయేవాళ్లు డిఫెన్సివ్, ఆఫ్‌రోడ్ చేసి ఆగిపోండి. కువైట్‌లో ఇంటి డ్రైవరుగా పోయే తమ్ముళ్లు ఎవడో ఎవేసివ్ అంటే ఖల్లివెల్లి అనేయండి, పిల్లల్ని స్కూలుకి దింపడానికి అది అక్కర్లేదు. ఎన్జీవోలో, వార్తా సంస్థలో ఫీల్డుకి వెళ్లేవాళ్లకి హీట్ ముందు, దానికి తోడు ఆఫ్‌రోడ్. బస్తర్ సరిహద్దులో బండి అద్దెకి తిప్పేవాళ్లకి ఫస్ట్ ఎయిడ్ రెండు రోజులు, ఇంకా పోలీసులకి బండి కిరాయికి ఇచ్చేముందు ఇంట్లోవాళ్లతో ఒక మాట. ఇరాక్ లాంటి చోట ఒక మనిషిని తిప్పే ఉద్యోగం అయితే ఎవేసివ్ కావాల్సిందే, కానీ ఖర్చు కంపెనీది, బండి కంపెనీది, అక్కడి రోడ్ల మీద. మీ జేబులోంచి కట్టమన్నారంటే ఆ కంపెనీ మీ ప్రాణానికి ఎంత విలువ కడుతోందో అప్పుడే అర్థం చేసుకోవచ్చు.

కాగితాల సంగతి కూడా అందులో భాగమే. పదో తరగతి పాస్ కానివాళ్లకి ఇరాక్ లాంటి దేశాలకి పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు ఉండాలి, ఏజెంటుకి రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకోవచ్చు. ప్రవాసీ భారతీయ బీమా పది లక్షలది. కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్సులో యుద్ధం, టెర్రరిజం వల్ల చనిపోతే ఇవ్వం అని చిన్న అక్షరాల్లో ఉందేమో వెతకండి. నేను ట్రక్కు ఎక్కిన రోజుల్లో ఇవేవీ అడగలేదు, అడగాలని కూడా తెలీదు. ఆ కంపెనీ మాకు కవచం లేని క్యాబిన్, ఒక పాత తూటా నిరోధక కోటు ఇచ్చింది, అది ఇద్దరికి ఒకటి.

నిన్న మా తమ్ముడు మళ్లీ మెసేజ్ పెట్టాడు. కంపెనీకే నేరుగా రాసి అడిగాడట. బండి ఆర్మర్డ్ ల్యాండ్ క్రూజరే, దాని మీద శిక్షణ అక్కడికి వచ్చాక వాళ్లే ఇస్తారట, ఏజెంటు చెప్పిన సర్టిఫికెట్ పేరు వాళ్లు ఎప్పుడూ వినలేదట. అరవై వేలు మిగిలాయి, సంతోషం. "మరి ఇసుకలో టైరు గాలి సంగతి ఇప్పుడే నేర్చుకోవాల్నా అన్నా?" అని అడుగుతున్నాడు. ఎర్బిల్ దాటితే కొండలురా, చలికాలం మంచు పడుతుంది, చక్రాలకి చెయిన్లు కట్టడం ఎవరు నేర్పుతారో అది అడుగు అన్నాను.